శారద తినని గారెలు

జూలూరుపాడు సెంటర్లో సాయంత్రం నాలుగయిందంటే మనిషికి రెండే పనులు. ఒకటి టీ తాగడం. రెండోది, ఆ టీ చల్లారిపోతున్నదన్న సంగతి కూడా మరిచిపోయి బొబ్బర గారెలు తినడం. గారె అనగానే పెళ్ళి భోజనంలో పెరుగులో మునిగి కూర్చునే మినప గారె గుర్తుకు రావచ్చు. దాని పెద్దరికం దానిది, కాదనను. ఇది వేరు. బొబ్బర్లు నానబోసి, చుక్క నీళ్ళు పొయ్యకుండా బరకగా రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి, అరచేతిలో పలచగా అద్ది నూనెలో వేస్తే అంచు ఎర్రగా కరకరలాడుతూ, నడుమ పలుకు పలుకుగా వస్తుంది. కొరికితే పక్క బల్ల మీద కూర్చున్నవాడు తిరిగి చూడాలి. చూడకపోతే చేసినవాళ్ళకు చెయ్యడం రాలేదని అర్థం.

అలాంటి గారె చేసేది జానీ మియా టీ హోటల్లో శారద. జానీ మియా పోయి ఆరేళ్ళయింది. బోర్డు మీద పేరు ఆయనదే, గల్లా ముందు కూర్చునేది మాత్రం కొడుకు ఖాలిద్. శారదది సెంటరుకు ఆరు కిలోమీటర్ల లోపల, అడవి అంచున ఉన్న కోయగూడెం. నాలుగేళ్ళ కింద గ్లాసులు కడగడానికి వచ్చింది. అప్పట్లో గారెలు వేసే మాస్టరు కల్లూరు నుంచి వచ్చేవాడు. ఒకసారి ఆయన చెప్పా పెట్టకుండా వారం మానేస్తే, ఖాలిద్ తల్లి రహీమున్నీసా "ఆ పిల్లను నిలబెట్టుర, దాని చెయ్యి చల్లగుంటది" అంది. నిలబెట్టారు. శారద మళ్ళీ గ్లాసుల దగ్గరకు పోలేదు.

సెంటర్లో ఊడవడానికి, కడగడానికి, బస్తాలు మొయ్యడానికి ఆ గూడెం నుంచి వచ్చేవాళ్ళు చాలామందే. రోడ్డుకు ఎదురుగా పొయ్యి ముందు నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేట్టు గంటె పట్టుకున్నది శారద ఒక్కతే. ఆ రెండడుగుల జాగా ఆమెకు ప్రాణం. పొద్దున ఆటో దిగగానే ముందు ఆ పొయ్యి గట్టు తుడిచి, తరువాతే ఎవరినైనా పలకరించేది.

భాద్రపదం సగానికొచ్చిన రోజుల్లో ఒక ఉదయం ఖాలిద్ బండి మీద నుంచి బస్తా దించాడు. పాత బొబ్బర్లు అయిపోయాయి. ఇవి కొత్తవి. బస్తా మూతి విప్పి గుప్పెడు తీసి ఎండలో చూపించాడు.

"చేన్లకెళ్ళి సీదా మన కాడికే. జర చెయ్యి పెట్టి చూడు శారదా, ముత్యాలు."

శారద చెయ్యి పెట్టి చూసింది. "ముత్యాలే అన్నా. గని మా గూడెంల ఇంక కొత్త కాలే."

చేతికొచ్చిన కొత్త గింజ ఏదైనా సరే, ముందు కొత్తల పండుగ చేసి, దేవతకూ పోయిన పెద్దలకూ పెట్టిన తరువాతే ఆ గూడెంలో మనుషుల నోట్లోకి పోతుంది. పండుగ ముందుండి జరిపించేది శారద తండ్రి దూలయ్యే. ఎప్పుడూ కొత్త బస్తా హోటలుకు వచ్చేలోపే పండుగ అయిపోయేది. ఈ ఏడు గూడెంలో ఒక ముసలమ్మ కాలం చేయడంతో, ఆమె దినాలు అయ్యేదాకా పండుగ వెనక్కి జరిగింది. ఊరంతా ఆగింది. చెట్లకు కాయలు ఎండుతున్నా ఎవరూ నోట వేసుకోలేదు.

"చేసుడు చేస్త. తినుడు మాత్రం తిన. ఉప్పు సుత చూడ," అంది శారద.

"నిన్ను తినుమన్నదెవరే? తినేటోళ్ళు వేరే ఉన్నరు," అని ఖాలిద్ నవ్వాడు. ఉప్పు తను చూస్తానన్నాడు. ఆ నవ్విన నోటితోనే వారం తిరగకముందే ఏం అడగబోతున్నాడో పాపం అతనికీ తెలియదు.

ఉప్పు చూడకుండా పిండి కలపడమంటే మాటలు కాదు. పైగా కొత్త గింజలో పచ్చి ఇంకా ఉంటుంది. పాతవాటిలాగే రాత్రంతా నానబోస్తే మొదటి వాయి నూనె తాగి మెత్తబడిపోయింది. శారద ఆ వాయిని పక్కకు తోసేసి, మర్నాటి నుంచి నానబెట్టే వేళ సగానికి తగ్గించింది. రుబ్బిన పిండిని వేళ్ళ మధ్య నలిపి తడి చూసింది. ఉప్పు పిడికిలి లెక్కన వేసింది. ఇంక మిగతాదంతా చెవి చూసుకుంది. పిండి పడగానే నూనె గోలగోలగా అరుస్తుంది. లోపలి తడి పోతున్నకొద్దీ అరుపు తగ్గి గొణుగుడులోకి దిగుతుంది. ఆ గొణుగుడు ఆగీ ఆగకముందే జల్లి గంటెతో ఎత్తెయ్యాలి. క్షణం ముందైతే మెత్తన, క్షణం ఆలస్యమైతే చేదు. ఖాలిద్ రోజూ మొదటి గారె కొరికి తల ఊపేవాడు. ఉప్పు ఒక్కరోజు కూడా తప్పలేదు.

అంతా బాగానే ఉంది. బాగా ఉన్నచోట వేలు పెట్టకపోతే నిద్ర పట్టనివాళ్ళు ప్రతి సెంటర్లోనూ ఒకరుంటారు. జూలూరుపాడు సెంటర్లో ఆ ఒకరు బాబూరావు.

బాబూరావుది హోటలుకు ఎదురుగా పురుగుమందుల దుకాణం. రైతులకు ఏ మందు ఎంత కొట్టాలో చెప్పి చెప్పి, లోకంలో ఎవరు ఏం చెయ్యాలో చెప్పే అలవాటు పడిపోయింది ఆయనకు. రోజూ నాలుగింటికి రోడ్డు దాటి వచ్చి ముందు బల్ల మీద కూర్చుంటాడు. మొదటి వాయిలో మొదటి ప్లేటు ఆయనకే పడాలి. ఒకరోజు గారెలు అందుకుంటూ సరదాకి అన్నాడు.

"ఏం శారదా, నువ్వొకటి తిని చూపియ్యరాదు? రోజు మాకే పెడుతవు."

"నేను తిన సారు."

"ఎందుకు తినవు?"

చెప్పింది. గింజ కొత్తది, గూడెంలో పండుగ కాలేదు, అయ్యేదాకా ముట్టదు. దాచుకోవలసిన సంగతి కాదు కాబట్టి దాచకుండా చెప్పింది.

బాబూరావు పగలబడి నవ్వాడు. "సెల్‌ఫోను పట్టుకుంటవు, ఆటో ఎక్కుతవు, గారె తినెటందుకు పండుగ అడ్డమొచ్చిందా?"

"సెల్‌ఫోను కడుపులకు పోదు గద సారూ," అంది శారద.

బల్లల మీద ఉన్న నలుగురూ నవ్వారు. తను నవ్వించాలనుకున్నచోట ఇంకొకరు నవ్వించడం బాబూరావుకు గిట్టదు. ముఖం ముడుచుకున్నాడు.

మర్నాడు ఆయనకు కడుపులో నొప్పి. ముందురోజు మధ్యాహ్నం కల్లూరులో బావమరిది ఇంట దావతు, మాంసం ముమ్మారు వడ్డించుకున్నాడు. ఆ సంగతి ఆయన కడుపుకు గుర్తుంది, ఆయనకు లేదు. కడుపు పట్టుకుని దుకాణం ముందు కూర్చుని, వచ్చిన ప్రతి రైతుకూ మందు డబ్బాతో పాటు ఒక మాట కూడా ఇచ్చి పంపాడు: "గా హోటల్ల గారెలు జర చూసి తినుండ్రి. చేసినామెనే ముట్టుకోదంట."

చేసినామె ముట్టుకోదంట. ఎందుకు ముట్టుకోదో ఆ మాటకు తోకలా ఉండాలి. ఆ తోక ఎదురు దుకాణం దాటకముందే తెగిపోయింది. సాయంత్రానికి మాట బస్టాండు చేరింది. రెండో రోజుకు "ఏం కలిపిందో ఏమో" అని కొత్త తోక మొలిచింది. శారద మూడేళ్ళుగా ఎవరికి ఉల్లిపాయ ఎక్కువ కావాలో, ఎవరికి కొసలు మాడితే ఇష్టమో గుర్తుపెట్టుకుని పెట్టింది. ఆ మనుషులే ఇప్పుడు వచ్చి టీ మాత్రం చెప్పి, గారెల బుట్ట వైపు ఓరకంట చూసి, తల తిప్పుకుని కూర్చున్నారు. మొదటి రోజు సగం బుట్ట మిగిలింది. రెండో రోజు బుట్టంతా మిగిలింది. చల్లారిన గారెల బుట్టను వెనక్కి మోసుకుపోతుంటే శారదకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఉప్పు తక్కువన్నా పడేది, మాడిందన్నా పడేది. విషమంటే ఎట్లా పడుతుంది?

ఆ సాయంత్రం పొయ్యి ఆర్పాక ఖాలిద్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మంచివాడే. మంచివాళ్ళు చెడ్డ మాట అడిగేటప్పుడు నేల చూస్తారు. అతనూ నేల చూశాడు.

"శారదా, రేపు సంత. సుట్టుపక్కల ఊర్లన్ని వస్తయి. అందరి ముంగట ఒక్కటి తిను. ఒక్క కొరుకు. గీ లొల్లి గింతటితోని ఖతమైతది."

"నీకు ముందే జెప్పిన గదన్నా."

"చెప్పినవ్, నేను కాదంటలేను. గని ఎవరు చూస్తరు? మీ గూడెపోళ్ళు ఎవరన్న ఈడ ఉన్నరా?"

"నేనున్న గద."

ఖాలిద్ గల్లా తాళం చెవి వేళ్ళ మధ్య తిప్పాడు. తరువాత ఆ చెప్పలేని మాట కూడా చెప్పేశాడు. "గిట్లనే నడిస్తే హోటలు మూసుకునుడే. రేపు తినకపోతే కల్లూరు మాస్టర్‌కు ఫోన్ చేస్త. నువ్వు మళ్ళ గ్లాసుల కాడ ఉండు. తీసేస్తనంటలే."

గ్లాసుల దగ్గర. పొయ్యి ఎదురుగా ఇంకొకరు, వెనకాల తొట్టి దగ్గర తను. విషం కలిపిందేమోనని పొయ్యి మీద నుంచి దించిన మనిషి చేత్తో కడిగిన గ్లాసులో మాత్రం టీ తాగుతారు కాబోలు! శారద ఆటో ఎక్కింది.

తెల్లవారి దూలయ్య వాకిట్లో కూర్చుని తడకకు వెదురు బద్దలు చీలుస్తున్నాడు. శారద ఎదురుగా కూర్చుని జరిగినదంతా చెప్పింది. వాళ్ళ ఇంటి మాట కోయ. తెలుగులో చెప్పుకుంటే ఆ తండ్రీ కూతుళ్ళు అనుకున్నది ఇది.

"పండుగకు ఇంకెన్ని దినాలయ్యా?"

"తొమ్మిది. ముసలామె దినాలు గాకముందు ఎట్ల జేస్త?"

ముందుకు జరపమని ఆమె అడగలేదు. ఆయనా ఆ ఊసెత్తలేదు. రెండు బద్దలు చీల్చాక ఆయనే తలెత్తాడు.

"తిను బిడ్డా."

శారద విన్నది నమ్మలేకపోయింది. చిన్నప్పుడు పండుగ కాకముందు లేత కాయ ఒకటి నోట్లో పెట్టుకుంటే, గొంతులో వేలు పెట్టి కక్కించిన తండ్రి ఈయనే.

"పొట్ట కోసం తిన్నదని దేవతకు నేను చెప్పుకుంట. తప్పుకు ఒక కోడి కోస్త. అయిపాయె. గూడెంల ఎవడన్న అడిగితే నేనున్న."

ఒప్పుకుంటే సరిపోయేది. పెద్దమనిషే దారి చూపించాడు, కోడి కూడా ఆయనదే. నిజం చెప్పాలంటే శారద అంత భక్తురాలేమీ కాదు. కిందటేడు పండుగనాడు మొక్కే వేళకు నిద్రపోయి అమ్మ చేత తిట్లు తిన్నది. అయినా ఆ మాట వినగానే ఆమెకు కోపం తన్నుకొచ్చింది. తండ్రి మీద కాదు, తండ్రి చేత ఆ మాట అనిపించినవాళ్ళ మీద.

"అడుసు తొక్కుడెందుకు, కాలు కడుగుడెందుకు? ఆకలయి తింటే తప్పు కట్టుకుంట అయ్యా. ఆశ పుట్టి తింటే సుత కట్టుకుంట. గా బాబూరావు తినుమన్నడని తింటే గది ఏ కోడితోటి పోతది?"

దూలయ్య చేతిలో కత్తి ఆగింది. "కొలువు పోతది."

"పోతే పోతది."

అన్నది గానీ భయమేసింది. ఆటో ఎక్కి కూర్చున్నాక మరీ భయమేసింది. పొయ్యి ముందు నిలబడని రోజు ఎట్లా ఉంటుందో ఊహించుకోబోయి మానుకుంది. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ మొండివాడికి లోపల ఎంత గుబులుంటుందో మాత్రం ఎవరూ చెప్పరు.

సంత రోజు సెంటరు కిక్కిరిసింది. మూడున్నరకే బల్లలు నిండాయి. ఏన్కూరు బస్సులు, కొత్తగూడెం బస్సులు వచ్చి ఆగుతున్నాయి. శారద రోజూ కంటే రెండింతల పిండి రుబ్బింది. ఆమె వాయి మీద వాయి తీస్తుంటే గారెలు బుట్టలో కుప్పగా పేరుకుంటున్నాయి. అల్లం వాసన రోడ్డు దాకా పోతున్నది. మనుషులు గుటకలు మింగుతున్నారు గానీ ప్లేటు అడగడం లేదు. అందరికీ తెలుసు, ఇవాళ ఏదో తేలుతుందని.

బాబూరావు వచ్చి తన బల్ల మీద తన చోట్లో కూర్చున్నాడు. "ఇయ్యాల తేలిపోవాలె ఖాలిద్. నిప్పు లేంది పొగ రాదు."

ఖాలిద్ బుట్టలోంచి ఒక గారె తీసి, కాగితం ముక్కలో పెట్టి, పొయ్యి దగ్గరకు వచ్చి శారద ముందు చాపాడు. సెంటర్లో సంత గోల ఉన్నా హోటల్లో మాత్రం నూనె చప్పుడొక్కటే వినబడింది.

"ఒక్క కొరుకు, శారదా. నా మాట విను."

శారద జల్లి గంటె పక్కన పెట్టింది. చెయ్యి తుడుచుకుని గారె అందుకుంది. ఖాలిద్ ఊపిరి వదిలాడు. బాబూరావు కాళ్ళు చాపుకున్నాడు. ఆమె ఆ గారెను అటూ ఇటూ తిప్పి చూసి, అంచు గోటితో మీటి, తిరిగి బుట్టలో పెట్టేసింది.

"మంచిగ కాలింది. తిన."

"చూసిన్రా!" అని లేచాడు బాబూరావు.

"చూడుండ్రి, మంచిగ చూడుండ్రి," అంది శారద. "మూడేండ్ల సంది మీ అందరికి పెడుతున్న. మీ పిల్లలకు జరమొస్తే కారం తక్కువేసి కట్టిచ్చిన. గప్పుడు నన్ను తినుమని ఎవ్వరన్న అడిగిన్రా? ఇయ్యాల నేను తింటె గారె మంచిదైతదా, తినకుంటె విషమైతదా? నేను తినంది ఎందుకో చెప్పిన. చెప్పింది నమ్మరు, తినుమంటరు. నేను తినేది మా ఊరు తిన్ననాడు. గాయన చెప్పిన్నాడు గాదు. పొయ్యి తీసుకుంటె తీసుకో ఖాలిద్ అన్నా. నోరు నాది."

ఖాలిద్ ముఖం పాలిపోయింది. అతను ఏమనేవాడో ఏమో గానీ, హోటలుకూ వెనక ఇంటికీ మధ్యనున్న పరదా తొలగింది. రహీమున్నీసా వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె హోటల్లోకి రావడం ఏడాదికి రెండు మూడుసార్లకు మించదు. గోడ పట్టుకుంటూ వచ్చి కొడుకు ముందు నిలబడింది.

"ఏంరా ఖాలిద్, రంజాన్ రోజాలల్ల నెల దినాలు నేను పొయ్యికాడ నిలబడి వండుత. నీళ్ళ చుక్క ముట్ట. ఉప్పు చూడ. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయినంక ఊరంతటికి పంచుత. యాభై ఏండ్ల సంది వండుతున్న. అమ్మీ, నువ్వు తినలేదు, ఏం కలిపినవ్ అని అడిగినవా ఎన్నడన్న?"

"అమ్మీ, గది వేరే..."

"ఏంది వేరే? నా ఉపాసమైతే ఉపాసం, పేదింటి పిల్లదైతే అనుమానమా?" బాబూరావు వైపు తిరిగింది. "నువ్వు సుత తిన్నవ్ గద బాబూరావు, నా చేతి హలీం. గిన్నె తెచ్చుకొని మరీ పోయించుకున్నవ్. గప్పుడు నా నోరు చూసినవా, గిన్నె చూసినవా?"

ఎవరో కిసుక్కుమన్నారు. బాబూరావు మీసం సవరించుకున్నాడు.

రహీమున్నీసా బుట్టలో చెయ్యి పెట్టింది. "నేను తింట. చూడుండ్రి, ఏమైతదో."

"వద్దు బూబమ్మా," అంది శారద.

ముసలామె చెయ్యి ఆగిపోయింది. హోటలంతా శారదను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. ఒడ్డున పడేసే చెయ్యి అందితే పట్టుకోకుండా తోసేస్తుందా ఎవరైనా?

"ఆకలైతే తినుండ్రి, ఎన్నయిన తినుండ్రి. నా తరఫున సాక్ష్యానికయితే వద్దు. నా గారెకు సాక్ష్యం అక్కర లేదు."

రహీమున్నీసా ఆమెను ఎగాదిగా చూసింది. తరువాత ముఖమంతా ముడతలు పడేలా నవ్వింది. "ఆకలే బేటీ. మధ్యానం సంది ఈ వాసనకు కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి." కుర్చీ లాక్కుని కూర్చుని, ఉన్న నాలుగు పళ్ళతోనే గారె అంచు పట్టి విరిచింది. టప్పుమన్న ఆ చప్పుడు మూడు బల్లల అవతలికి వినబడింది. ఇంకో ముక్క విరుచుకుంది. ఎవరి వంకా చూడకుండా తింటూనే ఉంది.

ఇంతలో బయట బస్సు హారను మోగింది. కొత్తగూడెం బస్సు కండక్టరు సుజన టికెట్ల మిషను మెడలో వేసుకుని గబగబా లోపలికి వచ్చింది. ఆమెకు పంచాయతీ సంగతి తెలియదు. తెలిసినా వినే తీరిక లేదు.

"ఏందమ్మా, అందరు గిట్ల నిలబడ్డరు? శారదా, రెండు ప్లేట్లు కట్టియ్యి, డ్రైవరన్నకు ఒకటి. జల్దీ, బస్సు కదులుతది."

"అక్కా, నేను వీటిని తినను. తెలుసా నీకు?" అని అడిగింది శారద.

"నువ్వు తినకపోతె నాకేంది? తినేది నేను గద!"

ఆ మాటకు హోటలు గొల్లుమంది. కడుపారా నవ్విన మనిషికి తరువాత అనుమానపడటం కష్టం, నవ్వు ముగిసేసరికి ఆకలి ఒక్కటే మిగులుతుంది. వెనక బల్ల మీద రైతు ఒకాయన "ఇటొక ప్లేటు" అన్నాడు. ఆ పక్కన ఇద్దరు. గుమ్మం దగ్గర సంతకొచ్చిన ఆడవాళ్ళు నలుగురు. రెండు రోజులుగా తల తిప్పుకున్నవాళ్ళు ఇప్పుడు ఆమె కళ్ళలోకి చూడకుండా చేతులు చాపారు. శారదకు అందరి మీదా కోపం ఉంది, అయినా పెట్టింది. సిగ్గుపడి వచ్చినవాళ్ళను ఇంకా సిగ్గుపరచడం ఆమెకు చేతకాలేదు. కుప్ప సగానికి దిగింది. ఖాలిద్ తనే ప్లేట్లు అందుకుని బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టాడు.

బాబూరావు కాసేపు గోడ క్యాలెండరు చూశాడు. కాసేపు తన దుకాణం వైపు చూశాడు. చుట్టూ కరకరలు మొదలయ్యాక ఇంక ఉండబట్టలేదు. పెద్దమనసుతో క్షమించినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"సరే సరే, అయిందేదో అయింది. నాకో ప్లేటు పెట్టు."

శారద నూనెలోంచి కళ్ళెత్తలేదు. "మీకు లేదు సారు."

"ఏందీ?"

"మా కొత్త ఇంక తొమ్మిది దినాలకు. నేను తిన్ననాడు మీరు తినుండ్రి. గప్పటిదాక మీకు సుత కొత్త కాలే."

కరకరలు ఒక్కసారి ఆగాయి. బాబూరావు చెవులు ఎర్రబడ్డాయి. "నాకు పెట్టనంటవా? ఈ హోటలు నీదా?"

"హోటలు ఖాలిద్ అన్నది." ఈసారి కళ్ళెత్తి సూటిగా చూసింది. "గారెలు నావి."

బాబూరావు ఖాలిద్ వైపు తిరిగాడు. అందరూ ఖాలిద్ వైపే తిరిగారు. ఖాలిద్ జేబులో ఫోనుంది, అందులో కల్లూరు మాస్టరు నంబరుంది. అతను తల్లిని చూశాడు. ఆమె మూడో గారె విరుస్తున్నది. శారదను చూశాడు. ఆమె అతని జవాబు కోసం ఎదురుచూడటం లేదు. చెవి ఒగ్గి నూనె వింటున్నది. ఆ వాయి తీసే వేళయింది.

ఖాలిద్ వెళ్ళి ఒక గ్లాసు టీ తెచ్చి బాబూరావు ముందు పెట్టాడు.

"టీ తాగుండ్రి సార్. సల్లారుతది."

బాబూరావు లేచిపోతాడనే అందరూ అనుకున్నారు. లేవలేదు. సెంటరంతా చూస్తుండగా వట్టి టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. శారద వాయి ఎత్తి బుట్టలో పోసి, చెయ్యి తడి చేసుకుని, తరువాతి గారె అద్దడం మొదలుపెట్టింది.